బ్రేకు పట్టడం లేదా? ముందు రిమ్ము చూడండి

డిస్కు బ్రేకులు లేని సైకిలు అసలు సైకిలే కాదని మన ఐటీ జనాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. శని, ఆదివారాల్లో సైకిలు తొక్కుదామని బయల్దేరిన ప్రతివాడూ షాపులో మొదట అడిగేది గేర్లెన్ని అని. రెండోది డిస్కా, కాదా అని. కాదంటే మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. ఎందుకు బాబూ డిస్కు అనడిగితే "సేఫ్టీ" అంటాడు. అక్కడితో చర్చ ముగిసిపోతుంది, ఎందుకంటే సేఫ్టీ వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

నాకుంది. కర్నూలు, కడప లాంటి ఎండుసీమలో తిరిగే సైకిలుకి రిమ్ము బ్రేకు చాలు. చాలడమేంటి, చాలాసార్లు అదే మేలు. అది పట్టకపోతే దాన్ని చూసుకునే పద్ధతిలో ఎక్కడో లోటుందన్నమాట.

తెలుగులో ఈ విషయానికి రెండు క్రియలున్నాయి, గమనించారా? బ్రేకు 'వేస్తాం', బ్రేకు 'పడుతుంది'. వేసేది మనం, పట్టేది రిమ్ము మీద రబ్బరు. మనవాళ్ళ రిపేర్లన్నీ వేసే వైపే జరుగుతాయి. వైరు బిగించు, లివరు మార్చు, ఇంకా గట్టిగా నొక్కు. పట్టే చోట ఏం జరుగుతోందో వంగి చూసేవాళ్ళు తక్కువ. మెమొరీ లీకవుతున్న ప్రోగ్రాముకి సర్వర్లో ర్యామ్ పెంచుకుంటూ పోయే మేనేజర్లని మీరు చూసే ఉంటారు. ఇదీ అదే బాపతు.

నా సాక్షులు ట్రయల్స్ సైకిళ్ళవాళ్ళు. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ట్రయల్స్ అంటే కాలు కింద పెట్టకుండా బండరాళ్ళు, గోడలు, దుంగలు సైకిలుతోనే ఎక్కి దిగే ఆట. మోటారుసైకిలు ట్రయల్స్ నుంచి పుట్టింది, స్పెయిన్‌లోని కాటలోనియాలో పెరిగింది. 1986 నుంచీ దీనికి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. 2009లో స్కాట్లండు కుర్రాడు డానీ మెకాస్కిల్ ఎడింబరో వీధుల్లో ఇనుప కంచె మీద సైకిలు నడిపిన వీడియో వచ్చాక మన దగ్గరా పిల్లలకి ఈ పిచ్చి పట్టుకుంది. ఈ సైకిళ్ళకి సీటు ఉండదు, లేదా పేరుకి ఉంటుంది. కానీ బ్రేకు మాత్రం ప్రాణం. వెనక చక్రం మీద నిలబడి ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకి దూకేవాడికి బ్రేకు ఒక్క అంగుళం జారినా మోకాలిచిప్ప రాయికి అప్పజెప్పినట్టే.

అంతటి అవసరం ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి నమ్ముకున్నది రిమ్ము బ్రేకుని. జర్మనీ వాళ్ళ మగూరా హెచ్‌ఎస్ 33 అని నూనె ఒత్తిడితో పనిచేసే రిమ్ము బ్రేకు ఒకటుంది, ట్రయల్స్‌లో దానికి చాలా పేరు. ఇప్పుడు డిస్కులూ వచ్చాయి. అయినా ముందు డిస్కు, వెనక రిమ్ము బ్రేకు పెట్టుకునేవాళ్ళు ఇంకా బోలెడుమంది.

ఎందుకో చిన్న లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకోండి. వెనక చక్రం మీద నిలబడినప్పుడు ఆ బరువు కేంద్రం చక్రం నేలకి ఆనిన చోటుకి 10 సెంటీమీటర్లు పక్కకి పోయిందనుకుందాం. అప్పుడు చక్రాన్ని తిప్పెయ్యాలని చూసే టార్కు దాదాపు 78 న్యూటన్ మీటర్లు. 26 అంగుళాల చక్రంలో బ్రేకు పట్టే చోటు ఇరుసుకి సుమారు 27 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ పట్టి ఆపడానికి 29 కిలోల బరువంత ఘర్షణ చాలు. అదే 160 మిల్లీమీటర్ల డిస్కులో ప్యాడు పట్టేది ఇరుసుకి 7 సెంటీమీటర్ల దూరంలో. అక్కడ 110 కిలోల పైన కావాలి. అంటే డిస్కు బ్రేకు నాలుగింతలు గట్టిగా పట్టుకుంటేగానీ రిమ్ము బ్రేకుతో సమానం కాదు. మంచి డిస్కులు ఆ పని చేస్తాయి, కాదనను. కానీ తక్కువ ధర సైకిళ్ళకి తగిలించే వైరు డిస్కులు చేస్తాయని నేననుకోను. రిమ్ము బ్రేకంటే అర మీటరు పైన వెడల్పున్న డిస్కు, అదీ చక్రంతోపాటు ఉచితంగా వచ్చింది. ఇలా చూస్తే దాని మీద గౌరవం కలుగుతుంది.

మరి డిస్కు ఎక్కడ గెలుస్తుంది? వానలో, బురదలో. తడిసిన క్రోమింగు ఇనుప రిమ్ము మీద మామూలు రబ్బరు పట్టు, పొడిగా ఉన్నప్పటి పట్టులో పదోవంతుకి కూడా దిగజారుతుందని 1970ల నాటి పరీక్షల్లోనే తేలింది. కేరళలోనో సియాటిల్‌లోనో ఉంటే నేనూ డిస్కే కొనమంటాను. కానీ మన కర్నూలు, కడపల్లో ఏడాది మొత్తానికి పడే వాన 700 మిల్లీమీటర్లకి అటూఇటూ. అదీ పడితే నాలుగు రోజుల్లో కుమ్మేసి పోతుంది. ఇక బురదంటారా, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో వానపడ్డాక సైకిలు తొక్కినవాళ్ళకి తెలుసు. ఆ మట్టి ఫోర్కుకీ టైరుకీ మధ్య ముద్దగా బిగిసిపోయి చక్రమే తిరగదు. అప్పుడు ఏ బ్రేకూ అక్కర్లేదు :)

మన శత్రువు నీళ్ళు కాదు, దుమ్ము. అందులోనూ రకాలున్నాయి. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా నాపరాళ్ళ క్వారీలు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ పొడి సున్నపురాయి పొడి, మెత్తనిది. రిమ్ము మీద పౌడరు పూసినట్టు పరుచుకుని పట్టుని తగ్గిస్తుంది. ఎర్రనేలల ఇసుకలో ఉండేది క్వార్ట్జు. అది అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు గట్టిది. రబ్బరులో గుచ్చుకుని కూర్చుని, బ్రేకు వేసినప్పుడల్లా రిమ్ముని కోస్తుంది. సర్రు సర్రుమని శబ్దం వస్తోందంటే ఇదే. ఒక పిన్నీసు తీసుకుని రబ్బరులోంచి ఆ రవ్వల్ని ఏరెయ్యడం అయిదు నిమిషాల పని.

(సందర్భం వచ్చింది కాబట్టి ఒక పిడకల వేట. కార్ల, లారీల బ్రేకు లైనింగుల్లో ముగ్గురాయి పొడి కలుపుతారు. పాత కడప జిల్లా మంగంపేటలో ఉన్న ముగ్గురాయి గని ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఒకప్పుడు బ్రేకు లైనింగులకి ప్రాణాధారమైన ఆస్బెస్టాస్ కూడా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి వైపు తవ్వేవాళ్ళు, ఊపిరితిత్తులకి అది ఏం చేస్తుందో తెలిసేదాకా. లోకానికి బ్రేకు సరుకు పంపిన జిల్లాలో సైకిలు బ్రేకులు పట్టకపోవడం నాకైతే నామోషీగా ఉంటుంది.)

దుమ్ము కంటే పెద్ద శత్రువు ఇంకొకటుంది. మన శుభ్రత. పంచర్ షాపులో ఒక డబ్బాలో కిరసనాయిలు, అందులో నానిన గుడ్డ ఉంటాయి. చైను ఆ గుడ్డతోనే, హబ్బు ఆ గుడ్డతోనే, చివర్లో కస్టమరు సంతోషం కోసం రిమ్ము కూడా ఆ గుడ్డతోనే తుడుస్తారు. తళతళా మెరుస్తుంది. కిరసనాయిలు ఆరాక మిగిలే పల్చటి జిడ్డు, దాంతోపాటు గుడ్డలోని చైను గ్రీజు రిమ్ము నిండా పట్టేసి ఉంటాయి. ఇక దసరా ఆయుధపూజ రోజు చూడాలి. సైకిలు కడిగి, కొబ్బరినూనె రాసి, రిమ్ములు మెరిపించి, పసుపూ కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ తొక్కించి బయల్దేరతారు. మొక్కిన దేవుడే ఆపాలి ఆ బండిని. బొట్లు హ్యాండిలుకి పెట్టండి, చక్రం అంచుకి నూనె తగలనివ్వకండి. రిమ్ముకి గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, ఆ తర్వాత మెడికల్ షాపులో దొరికే స్పిరిటు చాలు. తుడిచాక చేత్తో ముట్టుకోకూడదు కూడా, మన చేతికీ జిడ్డుంటుంది.

మా అక్కకొడుకు ప్రొద్దుటూరులో ఇంజినీరింగు చదువుతున్నాడు. వాడికి ట్రయల్స్ పిచ్చి. ట్రయల్స్ సైకిలు కొనిచ్చేంత సీను ఇంట్లో లేదు కనుక మామూలు అలాయ్ రిమ్ముల వీ బ్రేకు సైకిలుకే సీటు బాగా కిందికి దించి, వీధిలో నాపరాళ్ళ అరుగుల మీద ఎగురుతుంటాడు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు "మామా, యెంత నొక్కినా వెనక బ్రేకు పట్టల్యా. వైరు బిగిచ్చినా పట్టల్యా" అని నా ప్రాణం తీశాడు. ఇద్దరం కలిసి ఆ వీధి చివర షాపు పెద్దాయన దగ్గరికి పోతే, ఆయన లివరు ముట్టుకోనే లేదు. చక్రం ఒకసారి తిప్పి చూసి "వైరు బిగిచ్చే ఏమొచ్చాది అబ్బీ? రిమ్ము బెండు సూడు, ఎట్ల ఊగుతాందో" అన్నాడు.

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రముంది. రిమ్ము అటూఇటూ మూడు మిల్లీమీటర్లు ఊగుతుంటే, రబ్బర్లు ఒరుసుకోకుండా ఉండాలని వాటిని దూరంగా పెట్టక తప్పదు. దూరంగా పెడితే లివరు సగం ప్రయాణం ఆ దూరం దాటడానికే సరిపోతుంది. పట్టు మొదలయ్యేసరికి లివరు హ్యాండిలుకి ఆనుకుంటుంది. ట్రయల్స్‌వాళ్ళు చక్రాన్ని అంగుళం అంగుళం సరిచేసి, రబ్బర్లని రిమ్ముకి కాగితం దూరేంత దగ్గరగా పెట్టుకునేది ఇందుకే. స్పోకులు బిగించి బెండు తియ్యడం తెలిసిన మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరైనా ఉంటారు. ఆయనకిచ్చే కూలి దగ్గర బేరమాడకండి.

తర్వాత రబ్బరు. మన ఎండలకి రబ్బరు గట్టిపడి, పైపొర గాజులా నున్నగా అవుతుంది. గోరుతో గిచ్చితే దిగకపోతే అది రబ్బరు కాదు, కొయ్య. ఎమరీ పేపరు మీద నాలుగు రుద్దులు రుద్దితే కొత్త పొర బయటపడుతుంది, అప్పటికీ గట్టిగానే ఉంటే మార్చెయ్యడమే. షాపులో అద్దాల బీరువాలో ఏళ్ళుగా ఎండుతున్న సరుకు ఇస్తే వద్దనండి. రబ్బరు రిమ్ముకి సమాంతరంగా, మొత్తం ఒకేసారి ఆనాలి. కీచుమనకుండా ఉండటానికి ముందుకొస ఒక మిల్లీమీటరు ముందు తాకేలా పెట్టే పద్ధతొకటుంది. రోడ్డు మీద తిరిగేవాళ్ళకి అది బాగానే ఉంటుంది. చక్రం కదలకుండా బిగబట్టాల్సిన ట్రయల్స్‌వాళ్ళు అలా పెట్టుకోరు, వాళ్ళకి చప్పుడైనా ఫరవాలేదు.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది: వీ బ్రేకుకి దాని లివరే వాడాలి. పాత క్యాలిపర్ లివరు వేస్తే వైరు తక్కువ లాగుతుంది, చేతికి మెత్తగా ఉంటుంది, కాస్త రబ్బరు అరగ్గానే హ్యాండిలుకి తగులుతుంది. దానికి తిరగేసి క్యాలిపర్ బ్రేకుకి వీ లివరు వేస్తే రాయిలా గట్టిగా అనిపించి ఏమీ పట్టదు. చేతికి గట్టిగా తగిలే బ్రేకు మంచి బ్రేకని మనవాళ్ళ భ్రమ.

మావాడి బెండు తీయించి, రబ్బర్లు మార్చి, సబ్బూ స్పిరిటూ పట్టించాక బ్రేకు బాగానే పట్టింది. కానీ వాడికి చాలలేదు. వీడియోల్లో చూశాడట, గ్రైండరుతో రిమ్ము గీయించాలంటాడు. ఇది ట్రయల్స్‌లో నిజంగానే ఉన్న పద్ధతి. యాంగిల్ గ్రైండరుతో అల్యూమినియం రిమ్ము పక్కల మీద ఏటవాలుగా సన్నటి గీతలు పెడతారు. ఆ గరుకులోకి గట్టి ప్యాడు దిగి కరుచుకుంటుంది. ఇంకో పద్ధతి తారు. నున్నటి రిమ్ము మీద తారు ముక్కని లైటుగా రాస్తారు, బంకలా పట్టుకుంటుంది.

తారు సంగతి ముందు తేల్చేద్దాం. రోడ్లకి వాడే మామూలు రకం తారు సుమారు 47 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. చల్లటి ఇంగ్లండులో అది బ్రహ్మాండంగా పనిచెయ్యొచ్చు. మే నెలలో కర్నూల్లో రోడ్డు మీది తారే చెప్పులకి అంటుకుంటుంది. ఎండలో నిలబెట్టిన సైకిలు రిమ్ము మీది తారు ఏమౌతుందో వేరే చెప్పాలా? దాని మీద నాపరాతి పొడి కూడా పడితే రిమ్ము మీద కొత్త రోడ్డు వేసినట్టే.

గ్రైండరుకైతే మన సీమలో కొదవ లేదు, బండలు కోసే ప్రతి యూనిట్లోనూ ఉంటుంది. అదే నా భయం. ట్రయల్స్‌వాడికి కావలసింది ఆగి ఉన్న చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచడం. ముందే ఆపేసి, ఆ తర్వాత బరువు మోపుతాడు. రోడ్డు మీద మనకి కావలసింది తిరుగుతున్న చక్రాన్ని మెల్లమెల్లగా, ఎంత నొక్కితే అంత అన్నట్టు తగ్గించడం. గీసిన రిమ్ము ఆకురాయిలాంటిది. తిరుగుతూ ఉండగా బ్రేకు వేస్తే రబ్బరుని తురిమేస్తుంది, ముందు చక్రానికైతే గభాలున కరిచి మనిషిని హ్యాండిలు మీంచి విసిరేస్తుంది. పైగా మామూలు రిమ్ము గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకి అటూఇటూ. ప్రతి కొన్ని వారాలకీ మళ్ళీ గీయిస్తూ పోతే ఒకరోజు టైరులోని గాలి ఒత్తిడికి ఆ గోడ చీలిపోతుంది. క్రోమింగు ఇనుప రిమ్ముకైతే అసలు గ్రైండరు చూపించకూడదు. క్రోము పోయి, కింద ఇనుము తుప్పుపట్టి కూర్చుంటుంది. మావాడికి నేను చెప్పిందేంటంటే, పాత ఇనుప సామాన్ల షాపులో ఇంకో అలాయ్ చక్రం కొను, దాన్ని గీయించుకుని అరుగుల మీద మాత్రమే వాడు, వెనక చక్రానికే వాడు, కాలేజీకి పోయేటప్పుడు అసలు చక్రం వేసుకో అని. చక్రం మార్చడం ఎంతసేపు? రెండు నట్లు.

ఘాట్ల గురించి ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాటు. అక్కడ సమస్య పట్టు కాదు, వేడి. దిగినంతసేపూ బ్రేకు ఒరిపిస్తూ దిగితే రిమ్ము కాలుతుంది, లోపల ట్యూబు కూడా. కాసేపు గట్టిగా వేసి, కాసేపు పూర్తిగా వదిలేసి, ముందూ వెనకా మార్చుకుంటూ దిగాలి. సామాన్లేసుకుని రోజూ ఘాటు దిగేవాళ్ళయితే మంచి డిస్కు కొనుక్కోండి, నేనేమీ అనుకోను. వారానికోసారి ఓర్వకల్లు రాళ్ళ దాకా పోయి ఫొటోలు దిగి వచ్చేవాళ్ళకి ఆ ఖర్చు దండగ అంటున్నానంతే.

ఇంతసేపూ సరదా సైకిళ్ళ గోలే అయింది. నన్ను నిజంగా కలతపెట్టేది వేరే. మన రెండు జిల్లాల్లో సైకిలు తొక్కేవాళ్ళలో ఎక్కువమంది బడిపిల్లలు. 2014, 2019 మధ్య రాష్ట్ర ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్ళు పంచింది. చాలా మంచి పని, నాకందులో రెండో అభిప్రాయం లేదు. సైకిలు ఇస్తాం, ఫొటో దిగుతాం. ఆ తర్వాత రబ్బర్లు మార్చే బాధ్యత ఎవరిదో ఏ ప్రభుత్వ కాగితంలోనూ రాసుండగా నేను చూడలేదు. అలాంటి సైకిళ్ళే ఇప్పుడు తమ్ముళ్ళ చేతుల్లోనో చెల్లెళ్ళ చేతుల్లోనో ఉంటాయి. లివరు వదులుగా వేలాడుతూ ఉంటుంది. వాలు వచ్చినప్పుడు పిల్లలు చేసే పని మీరూ చూసే ఉంటారు, చెప్పు తీసి కాదు, చెప్పుకాలితోనే టైరుని అదిమి ఆపుతారు. ముందు చక్రానికి ఆ ప్రయోగం చేసి కాలు ఫోర్కులో ఇరుక్కుంటే ఏమౌతుందో ఊహించుకోండి. కర్నూలు నుంచి కడప దాకా ఉన్న హైవేలో నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, ఎక్కడ చూసినా పల్లె రోడ్డు వచ్చి లారీల ముందు తేలుతుంది. అక్కడ ఆగడమన్నది సరదా కాదు.

ఆ సైకిలుకి డిస్కు పెట్టించమని ఎవరూ అడగరు. దానికి కావలసింది రెండు జతల రబ్బర్లు, ఒక వైరు, బెండు తీసే కూలి, సబ్బునీళ్ళు. మన ఆఫీసు క్యాంటీన్లో ఇద్దరు బిర్యానీ తింటే అయ్యే ఖర్చు. సొంతూళ్ళకి పోయినప్పుడు చదువుకున్న బడికి ఏదైనా చేద్దామని కంప్యూటర్లు మోసుకెళ్ళేవాళ్ళు నా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. కరెంటు లేక, టీచరు లేక అవి మూలపడతాయి. ఒక శనివారం ఆ ఊరి సైకిల్ షాపాయన్ని బడికి పిలిపించి, ఒక పూట కూలి, ఒక డబ్బా రబ్బర్లు మీ ఖర్చు కింద రాసుకోండి. హెడ్మాస్టరుగారు కాదనరు.

పరీక్ష చెయ్యడం సులువు. సైకిలు పక్కన నిలబడి ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలుని ముందుకి నెట్టండి, వెనక చక్రం గాల్లోకి లేవాలి. వెనక బ్రేకు పట్టి ముందుకి నెట్టండి. చక్రం తిరక్కుండా టైరు నేల మీద ఈడ్చుకుని గీత పడాలి. ఈ రెండూ జరిగేదాకా లివరు, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఎక్కడో ఒకచోట ఇంకా పని మిగిలే ఉంది.